కాలేబు కాళ్ళు



ఈ మధ్య రాత్రి ఎనిమిదింటికి మాకు ఫోను చేసినవాళ్ళలో చాలామందికి ఒకటే జవాబు వచ్చింది. "అర్ధగంట ఆగి చేస్తామండీ, కాలేబుకి కాళ్ళు పడుతున్నాం." కొందరు నవ్వారు. ఒకరిద్దరు నవ్వలేదు. మన సంఘ పెద్దలలో ఒకరు పోయిన నెల ఇంటికొచ్చి, మేము చాప మీద కూర్చుని కుక్క తొడ పిసుకుతుండగా చూసి, గుమ్మంలోనే కాసేపు నిలబడి, "ఊళ్ళో ఇంతమంది మంచాన ఉంటే..." అని మాట సగంలో ఆపేశారు. ఆయన ఆపిన మాట మాకు పూర్తిగానే వినబడింది. దానికి జవాబు రాద్దామని కూర్చున్నాము. రాస్తుంటే జవాబు కన్నా ఒప్పుకోలే ఎక్కువ వచ్చింది. అలాగే పంపిస్తున్నాము.

దూరాన ఉండి ఇవి చదివే మన పిల్లలకు కాలేబు తెలియకపోవచ్చు. 11 ఏళ్ళ క్రితం వానాకాలంలో, మందిరం ప్రహరీ కోసం పోయించిన ఇసుక గుట్ట మీద తడిసి వణుకుతూ దొరికాడు. నాటు కుక్కే. ఎర్రమట్టి రంగు, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి. పేరు పెట్టింది సండే స్కూలు పిల్లలు. బైబిల్లోని పేరు కుక్కకు పెట్టడమేమిటని అప్పుడూ కొందరు అడిగారు. హీబ్రూలో కాలేబు అన్న పేరుకూ, కుక్క అన్న మాటకూ హల్లులు ఒకటేనని చెప్పాక ఊరుకున్నారు. ఇంకో సంగతి అప్పుడు మాకు తట్టలేదు. ఆ కాలేబు 85 ఏళ్ళ వయసులో కొండసీమ అడిగి తీసుకున్నవాడు. మన కాలేబుకు 11 ఏళ్ళకే మూడు మెట్లు కొండలయ్యాయి.

వాడి ఉద్యోగాలు రెండు. మేము మోపెడ్ మీద గృహదర్శనాలకు బయల్దేరితే మామిడి తోటల దారి వెంట వెనకే పరుగు. ఆదివారం ఆరాధన జరిగినంతసేపూ మందిరం మూడో మెట్టు మీద చెప్పుల కాపలా. ఎవరూ చెప్పకుండానే, లోపలికి మాత్రం ఏనాడూ రాలేదు. ఆరాధన అయ్యాక అందరి చేతుల్లోంచీ బిస్కెట్లు. ఈ బిస్కెట్ల సంగతి మళ్ళీ వస్తుంది.

పోయిన చలికాలం ఒక ఆదివారం వాడు కింద నేల మీదే పడుకున్నాడు. మరుసటి ఆదివారమూ అంతే. మెట్ల దగ్గర నిలబడి పైకి చూసి, ఒక ముందుకాలు మొదటి మెట్టు మీద పెట్టి, తీసేసి, పక్కకు పోయి పడుకునేవాడు. "ముసలాడైపోయాడు" అన్నాము. పరుగెత్తేటప్పుడు వెనకకాళ్ళు రెండూ ఒక్కసారే ఎత్తి కుందేలులా గెంతుతున్నాడని పిల్లలు చూపించి నవ్వారు. మేమూ నవ్వాము. పొద్దున్నే ముందు సగం లేచేది, వెనక సగం లేవడానికి ఇంకాసేపు పట్టేది. వరండాలో నున్నటి టైల్స్ మీద కాళ్ళు చెరోపక్కకు జారుతుంటే గోడవారగా, నేల చూసుకుంటూ నడిచేవాడు. ఇవన్నీ మేము చూశాము. చూసి, నాలుగు నెలలపాటు "వయసు" అన్న ఒక్క మాట కిందకు తోసేశాము. నొప్పి అన్న మాట మా నోట రాలేదు. కుయ్యోమంటేనే కుక్కకు నొప్పి అనుకునేవాళ్ళం. నెమ్మదిగా ముదిరే నొప్పికి చాలా కుక్కలు అరవవు. ఎక్కడం మానేస్తాయి, దూకడం మానేస్తాయి, అంతే.

మెలకువ వచ్చాక మేము చేసిన పనులు ఇంకా అన్యాయం.

మొదట, మా మోకాళ్ళకు రాసుకునే నొప్పి బామ్ తీసి వాడి తుంటికి రాశాము. పది నిమిషాల్లో అంతా నాకేశాడు. రాత్రంతా వాంతులు. ఆ బామ్‌లలో ఉండే కర్పూరం లాంటివి కుక్క కడుపులోకి పోకూడదని మాకేం తెలుసు? మర్నాడు సగం నొప్పి మాత్ర పెరుగన్నంలో కలిపి పెడదామని మందుల కొట్టుకు వెళ్ళాము. కొట్టులో కుర్రాడు ఎవరికని అడిగి, కుక్కకంటే ఇవ్వనన్నాడు. మాకు కోపం కూడా వచ్చింది. ఇప్పుడైతే ఆ అబ్బాయికి వందనాలు చెబుతున్నాము. మనం వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా మన ఇష్టానికి పెట్టేది కాదు. ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళు ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

తరవాత ఫోనులో ఒక వీడియో చూశాము. తెల్లటి బొచ్చుకుక్క ఒకటి సోఫా మీద పడుకుని ఉంది. ఎవరో దాని కాళ్ళు సాగదీస్తుంటే అది నిద్రపోతోంది. ఇంత సులువా అనుకున్నాము. ఆ సాయంత్రమే మాలో ఒకరం కాలేబు తల పట్టుకున్నాము, ఇంకొకరం ఎడమ వెనకకాలు పాదం దగ్గర పట్టి వెనక్కి సాగదీశాము. కాలు కొంతదాకా వచ్చి ఆగింది. బిగిసి ఉంది కాబట్టి ఆగింది, ఇంకొంచెం లాగితే వదులవుతుంది అనుకుని లాగాము.

కరిచాడు.

11 ఏళ్ళలో మొదటిసారి. బొటనవేలి కింద మెత్తటి చోట రెండు పళ్ళు దిగాయి. మాలో ఎవరి చెయ్యో మీకు తెలుసు, రెండు వారాలు కట్టు చూశారు. తలుపు సందులో పడిందని మీకు చెప్పాము. అది అబద్ధం. పాస్టరు గారి కుక్క కరిచిందన్న మాట ఊళ్ళో పడితే, మేము మందిరంలో ఉన్న వేళ చూసి ఎవరో ఒకరు దుడ్డుకర్ర తీసుకుంటారని భయపడ్డాము. భయం నిజమే కావచ్చు గాని, పుల్పిట్ దిగి అదే గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పాము. మమ్మల్ని క్షమించండి.

వాడికి ఏటా రేబిస్ టీకా వేయిస్తూనే ఉన్నాము. అయినా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ పూటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, అక్కడ మాత్రం నిజం చెప్పి, సూదులు మొదలుపెట్టించుకున్నాము. కార్డులో రాసిన తేదీ ఒక్కటీ తప్పించలేదు. మన కుక్కే కదా అని మీలో ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

కరిచినవాడు మా కన్నా ఎక్కువ బెదిరిపోయాడు. తోట చివర పెద్ద రసాల చెట్టు కిందకు పోయి రెండు రోజులు ఇంటికి రాలేదు. అన్నం అక్కడికే తీసుకెళ్ళి పెడితే, మేము వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదాకా ముట్టలేదు. మూడోనాడు వచ్చాడు. తల నిమరనిచ్చేవాడు. చెయ్యి మెడ దాటి వీపు మీదకు వస్తే చాలు, లేచి వెళ్ళిపోయేవాడు. చేతి గాయం పది రోజుల్లో మానింది. ఇది మానలేదు.

1962కి ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వచ్చింది. అందులో వచ్చిన డాక్టరు గారు చూసి, ఎక్స్‌రే తీయాలి, గన్నవరం పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళండి అన్నారు. ఆటో మాట్లాడుకుని ఆగిరిపల్లి మీదుగా వెళ్ళాము. దారంతా వాడు మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు గాని ఎవరి మీదా ఆనుకోలేదు.

అక్కడ చూసినది ఒక చిన్న డాక్టరమ్మ. మన అమ్మాయిల ఈడు. ఎక్స్‌రే వెలుగులో పెట్టి చూపించింది. తొడ ఎముక తల గుండ్రంగా, నున్నగా ఉండి తుంటి గిన్నెలో తిరగాలట. వాడిది అరిగి, గిన్నె అంచుల చుట్టూ కొత్త ఎముక గరుకుగా పెరిగింది. ఎడమవైపు మరీ ఎక్కువ. మేము లాగింది ఆ కాలే. తగ్గేది కాదు, నెమ్మదింపజేసుకోవాలి అంది. వాడి బరువుకు తగ్గ మాత్రలు రాసింది. తూకం వేస్తే 27 కిలోలు. 22కి తేవాలంది. "తిండి ఎవరు పెడతారు?" అని అడిగితే మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము. సంఘమంతా పెడుతుందని ఎలా చెప్పడం? మందిరం గోడ మీద "కాలేబుకు బిస్కెట్లు పెట్టవద్దు" అన్న కాగితం అందుకే అంటించాము. దాని కింద ఎవరో పెన్సిలుతో "పాపం" అని రాశారు. ఎవరో మాకు తెలుసు.

తరవాత ఆ అమ్మాయి, "కాలు ఎలా పట్టారో చూపించండి" అంది. గాలిలో చూపించాము. ఏమీ అనలేదు. మాలో ఒకరి చూపుడువేలు పట్టుకుని వెనక్కి వంచింది. ఆగిన చోట ఆపి, ఇంకొక్క పిసరు నొక్కింది. చెయ్యి అదాటున లాక్కున్నాము. "అదే అండీ" అంది, నెమ్మదిగా.

వాణ్ణి బల్ల మీద పెట్టలేదు. తనే తెల్లకోటుతో నేల మీద కూర్చుంది. రెండు చేతులూ వాడి మీద ఆనించి, ఏమీ చెయ్యకుండా కూర్చుంది. మేము తుంటి చూపిస్తుంటే ఆ చేతులు భుజాల మీద ఉన్నాయి. "నొప్పి వెనకాల కదమ్మా" అన్నాము. అప్పుడు చెప్పింది. కుక్క నిలబడితే ఒంటి బరువు నూటికి 60 పాళ్ళు ముందుకాళ్ళే మోస్తాయట. వెనకకాళ్ళు నొప్పి చేస్తే వాటి వంతు కూడా ముందుకే తోస్తుంది. పైగా మనకున్నట్టు భుజాన్ని రొమ్ము ఎముకకు కట్టిపెట్టే కాలర్ ఎముక దానికి లేదు. ముందుకాళ్ళ మధ్య ఒళ్ళంతా కండరాల మీదే వేలాడుతుంది, ఉయ్యాల తాళ్ళ మీద ఉన్నట్టు. "ఇన్ని నెలలు ఈ తాళ్ళే మోశాయి. ముందు వీటిని పలకరించాలి" అంటూ మెడకూ భుజానికీ మధ్య బొటనవేళ్ళతో చిన్న చిన్న సున్నాలు చుట్టింది. మా చేతులు అక్కడ పెట్టించింది. తోలు కింద తాడు ముళ్ళలా బిగిసి ఉన్నాయి. రెండు మూడు నిమిషాలకు వాడు ముక్కుతో పెద్ద నిట్టూర్పు విడిచి గడ్డం నేలకు ఆనించాడు. మాకు కళ్ళు చెమర్చాయి. అన్ని నెలలు తుంటి చుట్టూనే మేము ఆరాటపడ్డాము, వాడి భుజాల వంక ఒక్కనాడూ చూడలేదు.

ఇంట్లో ఎలా చేస్తున్నామో అడిగారు కాబట్టి చెబుతాము. కరెంటు దుప్పట్లూ, సరంజామా ఏమీ లేదు. రాత్రి వాడు అన్నం తిన్న రెండు గంటలకు, టైల్స్ మీద జారకుండా రబ్బరు చాప పరిచి కూర్చుంటాము. మాలో ఎవరం తొందరలో ఉన్నా ఆ రోజు వాడు పడుకోడు, నిలబడే చూస్తాడు. ముందు కాపడం. గుడ్డ సంచిలో రాళ్ళుప్పు పోసి పెనం మీద వేడిచేసి, మన ముంజేతి లోపలి వైపు ఆనించుకుని, హాయిగా ఉంటేనే వాడి తుంటి మీద ఓ పది నిమిషాలు. చురుక్కుమంటే చల్లారేదాకా ఆగడమే. తరవాత మెడ నుంచి తోక దాకా అరచేతితో, బొచ్చు వాలు వెంటే నెమ్మదిగా నిమరడం. వెన్నెముకకు రెండు పక్కలా కండ మీదే, ఎముక మీద నొక్కకూడదు. అక్కడి నుంచి భుజాలు, తరవాతే తొడలు. తొడ కండను అరచేతిలోకి తీసుకుని, చపాతీ పిండి పిసికినంత కూడా కాదు, అందులో సగం.

కాలు వంచడం ఆఖరున. ఒక చెయ్యి మోకాలికి పైన, ఒక చెయ్యి కింద, కాలి బరువంతా మన చేతుల్లోనే ఉండాలి. పాదం పట్టి లాగడం లేదు. సైకిలు తొక్కినట్టు వంచుతాము, చాపుతాము. వాడి కాలు ఎంతదాకా వస్తే అంతే. ఆగిన చోట పది అంకెలు లెక్కబెట్టి వదిలేస్తాము. మొదట్లో మూడుసార్లు, ఇప్పుడు పదిసార్లు. వాడు పెదవి నాక్కున్నా, చెవులు వెనక్కి వాల్చినా, తల తిప్పి మా చెయ్యి వంక చూసినా, కాలు బిగబట్టినా, ఆ రోజుకు ఆ కాలు చాలు. ఇవన్నీ ఆ కరిచిన సాయంత్రమూ వాడు చేశాడు. తల తిప్పి రెండుసార్లు చూశాడు కూడా. మాకు చదవడం రాలేదు.

ఏదైనా కీలు వేడిగా వాచి ఉన్నా, పుండు ఉన్నా, జ్వరం ఉన్నా ముట్టుకోము. కుక్క ఒళ్ళు మన చేతికి మామూలుగానే వెచ్చగా తగులుతుంది. వాటికి 101 నుంచి 102.5 డిగ్రీల దాకా జ్వరం కాదు. అందుకని చేత్తో చూసి నిర్ణయించకుండా, పశువుల డాక్టరు చేత వేరే థర్మామీటరు ఇప్పించుకున్నాము. రోజూ చేతులు తిరుగుతాయి కనుక ఇంకో లాభం కలిగింది. చెవి వెనక పిడుదులు, వేళ్ళ సందున విరిగిన తుమ్మముల్లు, ఇవి మొదటి రోజునే దొరుకుతున్నాయి. ఇంతా చేసి మర్దన మందు కాదు. మాత్రలు వేయాల్సిందే, బరువు తగ్గాల్సిందే.

ఇక అమ్మ సంగతి. మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్త. ఇద్దరమూ అమ్మ అనే పిలుస్తాము. ఆవిడ ముప్పై ఏళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పురిటి ఇళ్ళకు వెళ్ళి పసిబిడ్డలకు నూనె రాసి నీళ్ళు పోసింది. ఇది చదువుతున్న మీలో నలభై దాటిన కొందరి కాళ్ళు ఆవిడ సాగదీసినవే. మేము కుక్కకు కాపడం పెట్టడం చూసి మొదటి వారం మంచం మీద నుంచే సణిగింది. "ఉప్పు మూట కుక్కకా? కలికాలం." రెండో వారం, "నూనె లేకుండా పడితే ఒళ్ళు వదులవుతుందా, నువ్వుల నూనె తీయండి" అని పోట్లాట. వాడు నాకేస్తాడమ్మా, డాక్టరమ్మ వద్దంది అంటే, ఆ డాక్టరమ్మ ఎంతమంది పిల్లల్ని పెంచిందని అడిగింది. మూడో వారం ఇక తట్టుకోలేక మంచం దిగి వచ్చి, మా చెయ్యి పక్కకు నెట్టి, తనే చాప మీద కూర్చుంది.

"పసిబిడ్డ కాలు మనం చాపుతామా? వాడే చాపుతాడు, మన చెయ్యి వెంట పోతుంది. అయినా ఇవేం చేతులు, ఇంత చల్లగా?" అని అరచేతులు రెండూ రుద్దుకుని వేడి చేసుకుని, వాడి తొడ మీద పెట్టింది. పెట్టి ఊరుకుంది. గన్నవరంలో ఆ అమ్మాయి ఊరుకున్నట్టే. కాసేపటికి కాలేబు తనంతట తానే ఎడమకాలు వెనక్కి చాపాడు. మేము ఆ కాలు అంత చాచడం చలికాలం నుంచీ చూడలేదు. ఆవిడ మా వంక చూడను కూడా చూడలేదు. "ఒరే కాలేబూ, నీకు తెలిసింది వీళ్ళకు తెలియదురా" అంది.

ఆ రాత్రి పని అయ్యాక ఆవిడ లేవడానికి సిద్ధమైంది. మేము చాప చుడుతున్నాము. అరచేతులు రెండూ నేలకు ఆనించి, భుజాల మీద ఒళ్ళంతా ఎత్తి, కాళ్ళను వెనకాల ఈడ్చుకుంటున్నట్టు లేచింది. లేచి, గోడ పట్టుకుని, గోడవారగా మంచం దాకా నడిచింది.

ముందు సగం లేచింది. వెనక సగానికి ఇంకాసేపు పట్టింది.

ఆవిడ అలా లేవడం మేము ఎన్నేళ్ళుగా చూస్తున్నామో చెప్పలేము. మోకాళ్ళ నొప్పులని తెలుసు. ఏమ్మా ఎలా ఉంది అంటే, "వయసు కదరా" అనేది, మేమూ అవును వయసు అనేవాళ్ళం. కుక్కకు నాలుగు నెలలు చేసిన అన్యాయం ఆ మనిషికి ఏళ్ళ తరబడి చేశాము. ఊరూరా తిరిగి అందరి తలల మీద చేతులుంచే మేము ఆవిడ భుజాల మీద చెయ్యి వేసి చూడలేదు. ఆ రాత్రి వేసి చూశాము. అవే తాడు ముళ్ళు. ఉలిక్కిపడి "ఏందిది?" అంది. కాళ్ళు పడతామంటే ససేమిరా ఒప్పుకోలేదు. దైవసేవకుడి చేత కాళ్ళు పట్టించుకుంటే జనం ఏమంటారని ఒక వాదన, కోడలి చేత పట్టించుకోవడం తనకు పడదని ఇంకో వాదన. రెండు రోజులు బతిమాలాక ఒక ఒప్పందానికి వచ్చింది. తను కాలేబుకు పడుతున్నంతసేపూ, వెనక కూర్చుని మేము తన భుజాలు పట్టవచ్చు. కాళ్ళ జోలికి పోకూడదు. ఎముకల డాక్టరు దగ్గరికి మాత్రం ఇంకా రానంటోంది. చాప మీద కూర్చోవద్దని ముక్కాలి పీట వేశాము. దాని మీద కాలేబు తల పెట్టుకుంటున్నాడు, ఆవిడ మళ్ళీ చాప మీదే.

సంఘ పెద్ద గారూ, మీరు ఇది చదువుతారని తెలుసు. ఊళ్ళో ఇంతమంది మంచాన ఉంటే కుక్కకు మర్దనా అని మీరు అడగబోయిన మాటకు మా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లోనూ ఒకరు మంచాన ఉన్నారు. మేము వచ్చి, నిలబడి, పది నిమిషాలు ప్రార్థించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోతున్నాము. మీరు అడిగింది న్యాయమే. అందుకే పోయిన మంగళవారం వచ్చినప్పుడు, అమ్మగారు ఒత్తిగిలడానికి ఏ చెయ్యి ఊతం పెడుతున్నారని అడిగాము. మీరు కాసేపు ఆలోచించి, "చూడలేదండీ" అన్నారు. ఆవిడ మంచం మీద నుంచే కుడి చెయ్యి పైకెత్తి చూపించారు.

కాలేబు ఇప్పుడు 24 కిలోలు. మూడు మెట్లూ ఎక్కడం లేదు. ఒక్కటి ఎక్కుతున్నాడు. మిగతా వాటికి యవ్వనస్థులు చెక్కబల్ల వాలుగా వేసి, జారకుండా గోనెపట్టా కొట్టారు. దాని మీదుగా ఎక్కి, మళ్ళీ మూడో మెట్టు మీద చెప్పుల దగ్గర పడుకుంటున్నాడు. మోపెడ్ వెనక రావడం లేదు. మేము బయల్దేరితే గేటు దాకా వచ్చి, అక్కడ కూర్చుంటాడు. ముసురు పట్టిన రోజున లేవనే లేవడు. ఇంకో వానాకాలం చూస్తాడో లేదో డాక్టరమ్మను అడగలేదు.

నిన్న రాత్రి వాన. అమ్మ త్వరగా పడుకుంది. ఎడమకాలు వంచుతుండగా వాడు తల తిప్పి, ఆ పాత మచ్చ ఉన్న చోటే, చేతి మీద నోరు పెట్టాడు. పళ్ళు ఆనాయి. నొక్కలేదు. మేము వంచడం ఆపి, కాలు అలాగే చేతుల్లో పెట్టుకుని, పది అంకెలు, ఇంకో పది లెక్కబెట్టాము. అప్పుడు నోరు తీసి, గడ్డం మా ముంజేతి మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఫోను మోగింది. మోగనిచ్చాము. ఎవరు చేశారో చూసుకుని తొమ్మిదింటికి తిరిగి చేశాము.